ఈవీఎంల వాదన: ఒకటే జవాబున్న ప్రశ్న మీద కూడా ఎందుకు ఒప్పించలేకపోతున్నాం?

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డది అని తేల్చడానికి ఈ చర్చ మొదలుపెట్టడం లేదు. చాలాకాలంగా నన్ను తొలిచేస్తున్న ఒక ప్రశ్న మీ ముందు పెడుతున్నాను.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీకి 175లో 151 సీట్లు వచ్చాయి. టీడీపీ అభిమానులు ఈవీఎంలను అనుమానించారు. 2024లో కూటమికి 164 వచ్చాయి, వైసీపీకి 11 మిగిలాయి. ఈసారి వైసీపీ అభిమానులు అనుమానించారు. యంత్రాలు తయారుచేసింది అవే సంస్థలు, ఎన్నికలు నడిపింది అదే కమిషన్. మారింది గెలిచినవాళ్లు మాత్రమే.

మా ఇంట్లో రెండు పక్షాలూ ఉన్నాయి. బావ వైసీపీ, చిన్నాన్న టీడీపీ. ఇద్దరూ చదువుకున్నవాళ్లు, కావాలని అబద్ధమాడే మనుషులు కారు. 2019లో బావ చెప్పిన మాటలే ఇప్పుడు చిన్నాన్న చెబుతున్నారు. అప్పట్లో చిన్నాన్నకు నిద్ర పట్టనివ్వని అనుమానం ఇప్పుడు బావకు పట్టుకుంది. పండక్కి అందరం కలిస్తే అరగంటలో మాట ఇటు మళ్లుతుంది, ఇక భోజనాల దగ్గర ఎవరూ ఎవరితో మాట్లాడరు.

ఓటు వేసినట్టే లెక్కకు వచ్చిందా లేదా అన్నది అభిప్రాయం కాదు కదా. వస్తే వచ్చింది, లేకపోతే లేదు. దానికి ఒకటే జవాబు. అలాంటి విషయంలోనే మనిషిని ఒప్పించలేకపోతుంటే, రాజధాని గురించో రిజర్వేషన్ల గురించో ఉచిత పథకాల గురించో ఎవరు ఎవర్ని ఒప్పించగలరు?

నిర్వాహకుడు

ఒక్క మనవి. నాయకులకు పెట్టుడు పేర్లు వద్దు. వాట్సాప్‌లో వచ్చిన ఫార్వర్డు ఆధారం కిందకు రాదు.

బెజవాడ_వన్‌టౌన్

ఇది మన రాష్ట్రంలో పుట్టిన జబ్బు కాదండీ. ఈవీఎం ఎంత పాతదో ఇదీ అంతే పాతది.

మన దేశంలో మొదటిసారి ఈవీఎం వాడింది 1982లో, కేరళలోని పరవూరు అసెంబ్లీ ఎన్నికలో, 50 బూత్‌లలో. సీపీఐ అభ్యర్థి శివన్ పిళ్లై ఈ యంత్రాలు వద్దంటూ పోలింగ్‌కు ముందే హైకోర్టుకు వెళ్లారు. కోర్టు జోక్యం చేసుకోలేదు. తీరా ఓట్లు లెక్కపెడితే ఆయనే 123 ఓట్లతో గెలిచారు. యంత్రం వద్దన్న మనిషి ఊరుకున్నారు, ఓడిపోయిన కాంగ్రెస్ అభ్యర్థి ఏసీ జోస్ కోర్టుకెక్కారు. చట్టంలో యంత్రాల మాటే లేదు కాబట్టి ఆ పోలింగ్ చెల్లదని 1984లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ 50 బూత్‌లలో కాగితం బ్యాలెట్‌తో మళ్లీ పోలింగ్ జరిపితే జోస్ గెలిచారు.

తర్వాత కథ అందరికీ తెలిసిందే. 2009లో ఓడాక కాగితం బ్యాలెట్‌కు వెళ్దామన్నది అద్వానీ. 2017లో ఢిల్లీ అసెంబ్లీలో ఈవీఎం లాంటి యంత్రం తెచ్చి మోసం ఇలా చేయొచ్చని చూపించింది ఆమ్ ఆద్మీ పార్టీ. 2024 జూన్‌లో కాగితం బ్యాలెట్ కావాలన్నది జగన్. అదే ఏడాది మహారాష్ట్రలో ఓడాక ఆ మాటే అన్నది ఖర్గే. 2024 నవంబర్ 26న కేఏ పాల్ పిటిషన్ కొట్టేస్తూ సుప్రీంకోర్టు ధర్మాసనం సరిగ్గా దీన్నే ఎత్తిచూపింది: చంద్రబాబు ఓడినప్పుడు ఆయన అన్నారు, జగన్ ఓడితే ఆయన అంటున్నారు, గెలిచినప్పుడు ఎవరూ అనడం లేదు అని.

నన్నడిగితే ఇక్కడ యంత్రం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఓటమి గురించి మాట్లాడుతున్నారు.

పాలమూరు_పంతులు

వన్‌టౌన్ గారూ, మీరు చెప్పిన చరిత్ర అంతా ఒప్పుకుంటాను. చివరి వాక్యం దగ్గరే నాకు అభ్యంతరం.

ఒక మనిషికి అనుమానం ఎందుకు వచ్చిందన్నది ఒక ప్రశ్న. ఆ అనుమానంలో నిజముందా అన్నది వేరే ప్రశ్న. ఓడిన బాధతో అడిగినంత మాత్రాన ప్రశ్న తప్పు కాదు. గెలిచినవాడు పెట్టెను తెరిచి చూడమని ఎందుకు అంటాడు? లోపం వెతికే ఓపిక ఓడినవాడికే ఉంటుంది.

2010లో హైదరాబాద్‌కు చెందిన హరిప్రసాద్, అమెరికా ప్రొఫెసర్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన హొంగ్రైప్ కలిసి అసలైన ఈవీఎం మీదే ప్రయోగం చేశారు. యంత్రం చేతికి చిక్కితే డిస్‌ప్లే బోర్డు మార్చి అంకెలు తారుమారు చేయొచ్చని చూపించారు. తమ భద్రతా ఏర్పాట్లలో అలా యంత్రం ఎవరి చేతికీ చిక్కదని ఎన్నికల సంఘం చెప్పింది. ఆ యంత్రం ఎక్కడి నుంచి తెచ్చారంటూ దొంగతనం కేసు పెట్టి ఆగస్టులో హరిప్రసాద్‌ను అరెస్టు చేశారు. కానీ ఆ ప్రశ్న అక్కడితో చావలేదు. సుబ్రమణ్యస్వామి కేసులో 2013 అక్టోబర్ 8న సుప్రీంకోర్టు, స్వేచ్ఛగా న్యాయంగా ఎన్నికలు జరగాలంటే ఓటుకు కాగితం రుజువు తప్పనిసరి అంది. ఈరోజు మీరు బటన్ నొక్కాక గాజు వెనక 7 సెకన్లు కనపడే స్లిప్పు అలా వచ్చిందే.

ఓడినవాళ్ల ఏడుపని తీసిపారేసి ఉంటే ఆ స్లిప్పు అచ్చువేసే వీవీప్యాట్ యంత్రం ఉండేది కాదు.

తుంగభద్ర

పంతులు గారికి ధన్యవాదాలు. నేను 2024 ఫలితాన్ని అనుమానించేవాళ్లలో ఒకణ్ని, దాచుకోను. అనుమానం చెప్పగానే 'ఓడారు కాబట్టి' అంటారు, అక్కడితో సంభాషణ ముగుస్తుంది. నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పరు. కాబట్టి లెక్కతో అడుగుతాను.

ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌లో 5 వీవీప్యాట్‌ల స్లిప్పులు లెక్కిస్తారు. మొదట ఒకటే ఉండేది. 50 శాతం లెక్కించాలని చంద్రబాబు సహా 21 పార్టీల నాయకులు కోర్టుకు వెళ్తే 2019 ఏప్రిల్ 8న 5 చేశారు. ఇప్పుడు ఒక నియోజకవర్గంలో 250 బూత్‌లు ఉన్నాయనుకోండి. అందులో 3 యంత్రాల్లో తేడా ఉంటే, లాటరీ తీసిన 5లో వాటిలో ఒక్కటైనా తగిలే అవకాశం ఎంత? సుమారు 6 శాతం. అంటే 94 శాతం అవకాశం దొరక్కుండా పోవడానికే. 25 యంత్రాల్లో తేడా ఉన్నా దొరికే అవకాశం 41 శాతమే.

వందల ఓట్ల తేడాతో గెలుపోటములు తేలే చోట ఇది సరిపోతుందా? నేను మోసం జరిగిందని అనడం లేదు. జరగలేదని నన్ను నమ్మమనడానికి మీ దగ్గరున్నది ఈ 5 స్లిప్పుల పెట్టెలేనా అని అడుగుతున్నాను.

ఈసీఐఎల్_చౌరస్తా

తుంగభద్ర గారూ, మీ లెక్క కరెక్టే. నేను ఎలక్ట్రానిక్స్ మనిషిని, అందుకే దీన్ని కాస్త ముందుకు తీసుకెళ్తాను.

ఒక్క నియోజకవర్గాన్ని విడిగా తీసుకుంటే 5 చాలవు. కానీ మీ ఆరోపణ ఒక్క నియోజకవర్గం గురించి కాదు, రాష్ట్రం మొత్తం ఫలితం గురించి. 175 చోట్లా తలా 3 యంత్రాలు చెడగొట్టారనుకుందాం. ఒక్కోచోట దొరక్కుండా పోయే అవకాశం 94 శాతం. 175 చోట్లా వరసగా దొరక్కుండా ఉండాలంటే ఆ 94 శాతాన్ని 175 సార్లు హెచ్చవేయాలి. లక్షలో రెండు వంతులు వస్తుంది. ఎక్కడో ఒకచోట బయటపడటం దాదాపు ఖాయం. అంతా చేసి నియోజకవర్గానికి 3 యంత్రాలతో 164 సీట్లు రావు. చాలా ఎక్కువ యంత్రాలు కావాలి, అప్పుడు దొరికే అవకాశం ఇంకా పెరుగుతుంది.

రెండు పక్షాలూ ఎందుకు మాట్లాడుకోలేకపోతున్నాయో ఇక్కడే కనపడుతుంది. ఎన్నికల సంఘం ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నివేదికను చూపించింది: దేశం మొత్తం మీద 479 యంత్రాలు తనిఖీ చేస్తే చాలని. దేశం మొత్తాన్ని ఒకే రాశిగా తీసుకుంటే ఆ లెక్క తప్పు కాదు. విమర్శకులేమో ఫలితం తేలేది నియోజకవర్గంలో కాబట్టి నియోజకవర్గాన్నే ఒక రాశిగా తీసుకోవాలంటారు. అదీ తప్పు కాదు. ఇద్దరి దగ్గరా సరైన లెక్కే ఉంది, ప్రశ్నలే వేరు. ఎదుటివాడి ప్రశ్నేమిటో వినకుండా మన జవాబు పట్టుకుని గంటలకొద్దీ అరుస్తాం.

తుంగభద్ర

ఒప్పుకుంటాను. రాష్ట్రమంతా ఒకేలా జరిగిందనే వాదనకు మీ లెక్క గట్టి జవాబు. ఏరికోరి కొన్ని చోట్ల జరిగిందంటే మాత్రం జవాబు కాదు. ఇంతవరకూ నాతో ఎవరైనా ఇలా మాట్లాడి ఉంటే బాగుండేది.

తర్కశాల

గోదారిగట్టు గారి అసలు ప్రశ్న మళ్లీ అడుగుతాను. నిజం ఒకటే అయితే ఒప్పించడం ఎందుకు కష్టం?

మన పాత దర్శనాల్లో మొదటి ప్రశ్న 'నిజమేమిటి' కాదు, 'నీకెలా తెలుసు' అన్నది. కంటితో చూడటం ప్రత్యక్షం. పొగను బట్టి నిప్పును పట్టుకోవడం అనుమానం, అంటే ఇక్కడ సందేహం కాదు, గుర్తును బట్టి తేల్చుకోవడం. నమ్మదగిన మనిషి చెప్పింది శబ్దం. చార్వాకులు ప్రత్యక్షం తప్ప మిగతావి నమ్మదగ్గవి కావన్నారు. నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, నమ్మదగినవాడి మాటకూ చోటిచ్చారు, అయితే అతడికి విషయం తెలిసుండాలి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడై ఉండాలి.

ఇప్పుడు ఈవీఎం దగ్గరకు రండి. ఓటరు కంటికి కనపడేది ఆ 7 సెకన్ల స్లిప్పు ఒక్కటే. అది పెట్టెలో పడ్డాక జరిగేదంతా ఎవరో చెబితే వినాల్సిందే. ఇంజనీరు చెప్పాలి, కలెక్టర్ చెప్పాలి, కోర్టు చెప్పాలి. అంటే ఇది పూర్తిగా శబ్ద ప్రమాణం మీద నడిచే వ్యవస్థ. కోట్ల మంది తమ చేత్తో తేల్చుకోలేని విషయాన్ని ఎవరి మాట మీదనో నమ్మాలి. ఎవరి మాట నమ్మాలన్నది పార్టీని బట్టి ముందే తేలిపోయి ఉంటుంది. ఇక మీరు ఎన్ని ఆధారాలు తెచ్చినా, ఆ ఆధారం తెచ్చిన మనిషి ఎవరన్న దగ్గరే అది ఆగిపోతుంది.

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చిలో ఇచ్చిన తీర్పు నాకు అందుకే గొప్పదనిపిస్తుంది. 2005 ఎన్నికల్లో వాడిన యంత్రాల్లో మోసం జరిగిందని ఆ కోర్టు అనలేదు, ఆ ఫలితాన్ని రద్దు కూడా చేయలేదు. ప్రత్యేకమైన సాంకేతిక జ్ఞానం లేని మామూలు పౌరుడు కూడా ఎన్నికలో ముఖ్యమైన దశలను తనిఖీ చేసుకోగలగాలి, ఆ యంత్రాలతో అది కుదరదు, కాబట్టి వాటి వాడకం రాజ్యాంగానికి విరుద్ధం అంది. ఫలితం నిజమైతే చాలదు, అది నిజమని మామూలు మనిషి తేల్చుకోగలగాలి అని ఒక కోర్టు చెప్పడం చిన్న సంగతి కాదు.

చదువుంటే ఒప్పుకుంటారన్న ఆశ కూడా పెట్టుకోకండి. యేల్ యూనివర్సిటీలో డాన్ కహాన్ బృందం 2013లో ఒక ప్రయోగం చేసింది. ఒకే అంకెల పట్టికను కొందరికి చర్మానికి రాసే క్రీము ఫలితాలని చెప్పి ఇచ్చారు, కొందరికి తుపాకుల నియంత్రణ చట్టం ఫలితాలని చెప్పి ఇచ్చారు. క్రీము అన్నప్పుడు లెక్కలొచ్చినవాళ్లు చక్కగా జవాబు తేల్చారు. తుపాకుల చట్టం అనేసరికి అదే లెక్కలొచ్చినవాళ్లు తమ పార్టీకి నచ్చే జవాబు వైపు ఇంకా ఎక్కువగా చీలిపోయారు. తెలివి వాళ్లను నిజం దగ్గరకు చేర్చలేదు, తమ పక్షానికి వాదన సమకూర్చింది.

అట్లాంటా_తెలుగు

తర్కశాల గారూ, మామూలు మనిషి తనిఖీ చేసుకోగలిగితే సమస్య తీరుతుందన్నట్టు రాశారు. నేనుండే జార్జియాలో అది జరిగింది, సమస్య తీరలేదు.

2020 అధ్యక్ష ఎన్నికల్లో ఇక్కడ సుమారు 50 లక్షల ఓట్లు పడ్డాయి. ఫలితం మీద గొడవ రావడంతో ఆ కాగితాలన్నింటినీ మనుషులు చేత్తో లెక్కపెట్టారు. బైడెన్ గెలుపు మారలేదు. చివరి తేడా 11,779 ఓట్లు. లెక్క పెట్టించిన రాష్ట్ర మంత్రి బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్ ట్రంప్ పార్టీవాడే. కాగితం ఉంది, చేత్తో లెక్కించారు, పెద్దమనిషి సొంత పార్టీ మనిషే. అయినా నా ఆఫీసులో, మా గుడి కమిటీలో, ఫలితం తప్పని ఈరోజుకీ నమ్మేవాళ్లు ఉన్నారు. ఆ మంత్రినే ద్రోహి అన్నారు.

కాబట్టి కాగితం తేగానే నమ్మకం వచ్చేస్తుందని అనుకోలేను. సొంతవాళ్లు చెప్పినా వినని మనిషి దగ్గర ఏం చేయాలో నాకు ఇంకా అర్థం కాలేదు.

మెతుకుసీమ

మన దగ్గర కూడా అంతే అన్నా. సర్పంచ్ ఎన్నికలు రెండు రాష్ట్రాల్లోనూ కాగితం బ్యాలెట్ మీదనే కదా. 2020లో కరోనా టైమ్‌లో జీహెచ్ఎంసీ ఎన్నికలు కూడా బ్యాలెట్ పేపర్‌తోనే పెట్టారు. అక్కడ ఆరోపణలు లేవా? చెల్లని ఓట్లని కొట్లాట, రీకౌంటింగ్ కావాలని ధర్నా, డబ్బులు పంచారని కేసు. యంత్రాలు రాకముందు బూత్‌ల ఆక్రమణ, బ్యాలెట్ బాక్సుల్లో ఇంకు పోయడం మా నాన్నల తరం కళ్లారా చూసింది. యంత్రాలు తెచ్చిందే ఆ బాధ పడలేక.

ఇంకో మాట. 2010 జులై తెలంగాణ ఉపఎన్నికల్లో యంత్రాల మీద అనుమానంతో కొన్ని నియోజకవర్గాల్లో కావాలనే ఎక్కువ మందితో నామినేషన్లు వేయించారు. అప్పటి ఈవీఎంలో 64 మంది అభ్యర్థులకు మించి పట్టదు. దాంతో అక్కడ బ్యాలెట్ పేపర్ పెట్టక తప్పలేదు. 2019 నిజామాబాద్‌లో పసుపు రైతులు నిలబడి అభ్యర్థుల సంఖ్య 185కు చేరితే మాత్రం కొత్త రకం యంత్రాలు తెచ్చి ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరసపెట్టారు. అంటే కాగితానికి వెళ్లే ఆ దారి కూడా మూసుకుపోయింది.

పల్నాడు_ఏజెంట్

ఇంతమంది యంత్రం గురించి మాట్లాడుతున్నారు, దాని పక్కన రోజంతా కూర్చున్నవాళ్లు మాట్లాడటం లేదు. నేను బూత్ ఏజెంటుగా, కౌంటింగ్ ఏజెంటుగా పనిచేసినవాణ్ని. ఏ పార్టీకో చెప్పను, అవసరం లేదు.

తెల్లవారుజామునే బూత్‌కు వెళ్లాలి. పోలింగ్ మొదలవకముందు మాక్ పోలింగ్ ఉంటుంది, కనీసం 50 ఓట్లు. ఏజెంట్లం తలా కొన్ని నొక్కుతాం. ఏ గుర్తుకు ఎన్ని నొక్కామో పక్కన రాసుకుంటాం. తర్వాత కంట్రోల్ యూనిట్‌లో ఫలితం, వీవీప్యాట్‌లో పడిన స్లిప్పులు, మేం రాసుకున్నది, మూడూ సరిచూస్తారు. అప్పుడు మెమరీ చెరిపేసి, మాక్ స్లిప్పులు తీసేసి, పేపర్ సీల్ మీద మా సంతకాలు తీసుకుంటారు. ఆ సీల్ నంబర్ రాసుకోవడం ఏజెంటు చేయాల్సిన మొదటి పని. చాలామంది రాసుకోరు, టిఫిన్ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. అదే మన అసలు రోగం.

పోలింగ్ అయ్యాక బూత్‌ను నడిపే ప్రిసైడింగ్ ఆఫీసరు (పీవో) గారు 17సీ ఫారం ఇస్తారు. ఆ బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. 2024 మే 13న చాలాచోట్ల అర్ధరాత్రి దాటేదాకా జనం లైన్లలో ఉన్నారు. సాయంత్రం చెప్పిన శాతానికీ, చివరికి తేలిన 81.86 శాతానికీ తేడా ఎందుకొచ్చిందని అడుగుతున్నారు కదా. ఆ రాత్రి ఏజెంటుగా కూర్చున్నవాళ్ల దగ్గర 17సీ ఉంది. కౌంటింగ్ రోజు మీ టేబుల్ మీదకు యంత్రం వస్తుంది. సీల్ నంబర్ చూపిస్తారు. ముందు 'టోటల్' నొక్కుతారు, ఆ అంకె మీ చేతిలోని 17సీతో సరిపోవాలి. సరిపోయాకే 'రిజల్ట్' నొక్కుతారు. వీవీప్యాట్ స్లిప్పులు లెక్కించేది పక్కన జాలీ కట్టిన గదిలో, బ్యాంకులో క్యాషియర్ కూర్చునే గది లాంటిది. స్లిప్పుల్ని గుర్తులవారీగా అరల్లో వేసి, 25 చొప్పున కట్టలు కట్టి లెక్కపెడతారు. ఏజెంట్లు జాలీ ఇవతల నిలబడి చూడొచ్చు.

తుంగభద్ర గారి 5 శాంపిల్ ప్రశ్న న్యాయమైనదే, నేను కాదనను. కానీ సీల్ నంబర్ రాసుకోని పార్టీ, 17సీ కాపీ పారేసుకున్న పార్టీ, టీవీలో కూర్చుని మోసం జరిగిందంటే నాకు కడుపు మండుతుంది.

తుంగభద్ర

ఏజెంటు గారూ, ఒక్క స్పష్టత కావాలి. 17సీతో సరిపోవడం అంటే మొత్తం ఓట్లు సరిపోయినట్టే. అందులో ఎవరి ఓటు ఎవరికి పడిందో 17సీ చెప్పదు కదా?

పల్నాడు_ఏజెంట్

నిజమే. బయటి నుంచి ఓట్లు కలిపారా, యంత్రం మార్చారా అన్నదానికే అది జవాబు. యంత్రం లోపల ఓటు మారిందా అన్నదానికి స్లిప్పులు లెక్కపెట్టడం ఒక్కటే దారి.

అమలాపురం_టీచరమ్మ

నేను ఎక్కువగా చదివి ఊరుకునేదాన్ని. అట్లాంటా గారు 'ఏం చేయాలో అర్థం కాలేదు' అన్నారు కాబట్టి మా ఇంట్లో జరిగింది రాస్తున్నాను.

మా మామగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. 2024 ఫలితాలొచ్చాక చాలా మథనపడ్డారు. ఇంట్లో మగపిల్లలు ఆయన్ని యూట్యూబ్ వీడియోలకు మోసపోతున్నారంటూ ఆటపట్టించేవాళ్లు. ఆయన పట్టు ఇంకా బిగిసింది. ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అడిగాను.

"మామయ్యగారూ, మీకు ఏం చూపిస్తే ఫలితం నిజమని నమ్ముతారు?"

చాలాసేపు మాట్లాడలేదు. "నన్ను ఎవరూ అది అడగలేదమ్మా" అన్నారు. తర్వాత చెప్పారు. మా బూత్‌లో రాత్రి పొద్దుపోయాక ఓట్లు కలిపారని ఆయన అనుమానం. మరి ఏజెంటు దగ్గర కాగితం ఉంటుందట, అడుగుదామా అన్నాను. ఏజెంటు ఆయన పాత శిష్యుడే. 17సీ ఫొటో తీసి పంపాడు. బూత్‌లవారీ ఫలితాలు ఫారం 20 అని రాష్ట్ర ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో అందరికీ కనపడేలా పెడతారు. అది తెరిచి ఫోను ఆయన చేతికే ఇచ్చాను. నేను చదవలేదు. కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి మా బూత్ నంబర్ వరసలో చివరిదాకా వెళ్లారు. అభ్యర్థులవారీ అంకెలు, నోటా, అన్నీ కాగితం మీద పెన్సిల్‌తో కూడారు. 17సీతో సరిపోయింది. మళ్లీ ఒకసారి కూడారు.

"మన బూత్ సరే అమ్మాయ్, మిగతావి?" అన్నారు. నేను వాదించలేదు. మర్నాడు ఆయనే పక్క ఊళ్లోని స్నేహితుడికి ఫోన్ చేసి వాళ్ల బూత్ 17సీ ఉందేమో కనుక్కోమన్నారు.

ఆయన అభిప్రాయం మారిందా అంటే, పూర్తిగా మారలేదు. లోపల ఓట్లు మారాయేమోనన్న అనుమానం అలాగే ఉంది, అదే తుంగభద్ర గారి ప్రశ్న కూడా. కానీ రాత్రి ఓట్లు కలిపారన్న మాట మళ్లీ ఆయన నోట రాలేదు.

తర్కశాల

అమ్మా, మీరు చేసినదానికి దగ్గరగా ఉండే పరిశోధన ఒకటుంది. అమెరికాలో బ్రూక్‌మన్, కల్లా అనే ఇద్దరు 2016లో ప్రచురించారు. మయామిలో కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ట్రాన్స్‌జెండర్ల విషయం సుమారు 10 నిమిషాలు మాట్లాడారు. ఉపన్యాసం ఇవ్వలేదు, తప్పుపట్టలేదు. అవతలి మనిషి అనుభవం అడిగి విన్నారు, ఆలోచన వాళ్లచేతే చేయించారు. 3 నెలల తర్వాత చూసినా ఆ మార్పు నిలిచి ఉంది. అందరూ మారలేదు, కొంత మార్పు వచ్చింది. రాజకీయాల్లో అంతమాత్రం రావడమే అరుదు.

ఇక్కడ మాత్రం మన వాదనలన్నీ నలుగురి ముందు జరుగుతాయి. పెళ్లిలో, టీ కొట్టు దగ్గర, ఫ్యామిలీ గ్రూపులో. నలుగురి ముందు ఒప్పుకుంటే ఓడినట్టు. న్యాయ దర్శనంలో చర్చను మూడు రకాలుగా చెప్పారు: నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమేదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడానికే చేసేది వితండం. చుట్టూ మనుషులు చేరగానే వాదంగా మొదలైంది కూడా జల్పం అయిపోతుంది. టీచరమ్మ గారు ఎవరూ లేని సమయం చూసుకోవడంలోనే సగం పని జరిగిందని నా నమ్మకం.

బెజవాడ_వన్‌టౌన్

టీచరమ్మ గారూ, ఒక సందేహం. ఆయనకు నచ్చిన పరీక్ష ఆయన్నే పెట్టనిస్తే, అది నెగ్గాక ఇంకోటి, దాని తర్వాత ఇంకోటి అడుగుతూ పోతారు కదా? 2017 జూన్‌లో ఎన్నికల సంఘం పార్టీలకు యంత్రాలిచ్చి లోపం చూపించమంది. వచ్చినవి ఎన్సీపీ, సీపీఎం రెండే, అవి కూడా హ్యాక్ చేసే ప్రయత్నమే చేయలేదు. మదర్‌బోర్డు ముట్టుకోనివ్వకుండా ఏం పరీక్ష అని మిగతావాళ్లు అన్నారు. షరతు ఎప్పటికీ వెనక్కి జరుగుతూనే ఉంటుంది.

అమలాపురం_టీచరమ్మ

జరగొచ్చండీ. అందుకే పరీక్ష ఏమిటో ముందు చెప్పించుకోవాలి. ఫలితం వచ్చాక అడిగితే ఎవరైనా తమకు కావాల్సిన జవాబు వచ్చే పరీక్షే కోరుకుంటారు. 2017లో పరీక్ష నియమాలు రాసింది ఒక్క పక్షమే, అనుమానించినవాళ్లు రాయలేదు. మా మామగారి పరీక్ష ఆయనే చెప్పారు, అంకెలు ఆయనే కూడారు. నేను కూడి చెప్పి ఉంటే నమ్మేవారు కాదనే నా ఉద్దేశం.

ఈసీఐఎల్_చౌరస్తా

చట్టంలో ఇప్పుడు కొంత వీలుంది. 2024 ఏప్రిల్ 26 తీర్పులో సుప్రీంకోర్టు నూరు శాతం స్లిప్పుల లెక్కింపును ఒప్పుకోలేదు గానీ, రెండు మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు 7 రోజుల్లోగా అడిగితే, ఒక్కో సెగ్మెంట్‌లో 5 శాతం యంత్రాల మెమరీని తనిఖీ చేయించుకోవచ్చంది. ఖర్చు అడిగినవాళ్లు భరించాలి, మోసం తేలితే తిరిగిస్తారు.

తుంగభద్ర

ఆ తీర్పు తర్వాత ఒంగోలు వైసీపీ అభ్యర్థి 12 బూత్‌ల యంత్రాలకు దరఖాస్తు పెట్టారు. ఎన్నికల సంఘం వాటి మీద మాక్ పోల్ చేసి చూపిస్తామంది. మేం అడిగింది ఆ రోజు మెమరీలో ఏముందో చూడటం, కొత్తగా ఓట్లు వేసి చూడటం కాదు. అడిగిన ప్రశ్న ఒకటి, ఇచ్చిన జవాబు ఒకటి. అనుమానం తీర్చడానికి పెట్టిన ఏర్పాటే కొత్త అనుమానానికి దారితీసింది.

టీచరమ్మ గారి ప్రశ్న మీద నేనూ ఆలోచించాను. నాకు ఏం చూపిస్తే నమ్ముతాను? రాస్తున్నాను, ఎవరైనా దాచిపెట్టుకోండి. రాబోయే ఎన్నికల్లో జిల్లాకు ఒక నియోజకవర్గం. అందులో ప్రతి బూత్ వీవీప్యాట్ స్లిప్పులన్నీ లెక్కించాలి. ఆ నియోజకవర్గాన్ని అధికారులు ఎంచకూడదు, అక్కడ అంతకుముందు ఓడిన పార్టీ ఎంచాలి. ఎంపిక పోలింగ్ ముగిసిన రాత్రి జరగాలి, ఏ యంత్రం ఎక్కడుందో అప్పటికే సీలై ఉంటుంది. అంకెలు సరిపోతే నేను ఒప్పుకుంటాను. మా పార్టీ గెలిచినా ఇదే పరీక్ష అడుగుతాను.

ఈసీఐఎల్_చౌరస్తా

ఒక్కో వీవీప్యాట్ స్లిప్పుల లెక్కకు సుమారు గంట పడుతుందని ఎన్నికల సంఘం కోర్టుకు చెప్పింది. ఒకదాని తర్వాత ఒకటి చేస్తే రోజులు పడుతుంది, నిజమే. కానీ 250 బూత్‌లను 14 టేబుళ్ల మీద ఒకేసారి చేస్తే 18 గంటల పని. జిల్లాకు ఒకటే కాబట్టి సిబ్బంది కూడా సమస్య కాదు. యంత్రాలు సరిగ్గానే పనిచేశాయని నమ్మేవాణ్ని నేను, ఈ పరీక్ష నాకు పూర్తిగా సమ్మతం. సరిపోకపోతే నా నమ్మకం వదులుకుంటానని నేనూ ఇక్కడే రాస్తున్నాను.

పల్నాడు_ఏజెంట్

రెండు పార్టీల నుంచీ అనుభవమున్న ఏజెంట్లు కావాలి. 14 టేబుళ్లకు, 18 గంటలకు, షిఫ్టుకు ఇద్దరి చొప్పున. సీల్ నంబర్లు రాసుకోవడం, 17సీ చదవడం ఎలాగో నేర్పడానికి నేను సిద్ధం, ఏ పార్టీ వాళ్లయినా సరే.